కిటికీ దుమ్ముతో తుప్పు వేసిన మనిషి

ఆగస్టు మూడు, ఆదివారం, ఉదయం పది గంటలు. బచేలి, బజారు వెనక వీధి, కీర్తిశేషులు బొడ్డు సన్యాసిరావు గారి ఇల్లు. హాజరైనవారు: ఆయన భార్య నూకరత్నం గారు, జగదల్‌పూర్‌లో నర్సుగా చేస్తున్న కూతురు హైమ, ఆయనతో ఖనిజ పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన దూబే గారు, పక్కింట్లో ఉంటూ కూరగాయలమ్మే సుక్‌మతి, నేను. పని: సన్యాసిరావు గారి ఇనుప బీరువా తెరవడం.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నలభై ఏళ్ళకి పైగా డైరీ రాస్తున్నాను. ఒక మనిషి పోయాక ఆయన గురించి రాయడానికి ఆ డైరీలే తెరుచుకుని కూర్చోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అంతకు పన్నెండు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి హైమ ఫోన్ చేసి, "అంకుల్, నాన్న లేరు" అంది. "ఎక్కడికెళ్ళారు?" అని అడిగాను. ఆ అమ్మాయి ఓపికగా మళ్ళీ చెప్పింది. భోజనం చేసి, బల్ల దగ్గర కూర్చుని, బొమ్మకి వేసిన రంగు ఆరేలోగా కాసేపు కళ్ళు మూసుకుంటానన్నారట. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన నన్ను బుధవారం ఆటకి రమ్మన్నారు. రమ్మని ఇంట్లో లేకుండా పోయే మనిషి కాదు. గొడుగు తీసుకుని వెళ్ళాను. బల్ల మీద కుంచె శుభ్రంగా కడిగి పడుకోబెట్టి ఉంది. అది చూసి కూడా నాకు కలిగింది సందేహమే. ఎక్కడో పొరపాటు జరిగింది, ఈయన లేస్తారు అనుకున్నాను. మనిషిని ముట్టుకున్నాక గాని నమ్మలేదు.

బీరువా తెరవడానికి ఇంతమంది ఎందుకంటే, తెరిచేటప్పుడు సాక్షులుండాలని ఆయన చెప్పి ఉంచారట. పైమూడు అరల్లో ఆయన రంగులు వేసిన బొమ్మల సైన్యం ఉంది. మూడు వందల పద్దెనిమిది మంది, రెండుసార్లు లెక్కపెట్టాను. కింది రెండు అరల్లో ఖాకీ కాగితపు పొట్లాలు, రబ్బరు బ్యాండ్లు వేసి, నెంబర్లు రాసి, ఒక్కొక్కదాని మీదా ఎవరిదో ఒకరి సంతకంతో వరసగా ఉన్నాయి. సుక్‌మతి వంగి వెతికి, తన వేలిముద్ర ఉన్న పొట్లాన్ని చూపించి, "ఏ మేరా హై", ఇది నాదే అని నవ్వబోయి ఆపుకుంది.

నూకరత్నం గారు నా వైపు తిరిగారు. "ఇన్ని సంతకాలెందుకో మీకు ఎరికే గదా అన్నయ్యగారూ. తెలుగు సంఘం పుస్తకంలో ఆయన మీద మీరు రాత్తారంట గదా. ఆయన దొంగ కాడని ఒక్క ముక్క రాయండి. కుళాయి కాడ 'చోర్ కీ బీవీ', దొంగ పెళ్ళాం అని పన్నెండేళ్ళు ఇన్నాను. ఆయనున్నన్నాళ్ళూ ఊరుకోమనేవోరు, ఊరుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

"రాస్తానమ్మా" అన్నాను.

'చోర్' అన్న మాట దగ్గర దూబే గారు కిటికీ వైపు తిరిగారు.

ఆ ముక్క రాయడానికి ఈ ఊళ్ళో నాకంటే తగినవాడు లేడు. తగనివాడూ లేడు. సన్యాసిరావు గారి మీద దొంగతనం రిపోర్టు రాసింది నేనే. ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పోయిన మనిషికి తెలుసో లేదో, అది మాత్రం నాకు తెలియదు.

ఆయన్ని ఎరగనివారికోసం కొంత చెప్పాలి. విజయనగరం వైపు నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో ఈ హిందీ ప్రాంతపు ఇనుప గనుల ఊరికి వచ్చి, ల్యాబులో శాంపిళ్ళు తీసే పనిలో చేరారు. గని నుంచి వచ్చిన పొడిని కుప్పగా పోసి, పైన అదిమి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండు తీసుకుని మిగతాది వదిలేయడం, మళ్ళీ కుప్ప పోయడం ఆ పనిలో మొదటి పాఠం. ఆ పని ఆయన చేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. పొడిని వేళ్ళ మధ్య నలిపి రంగు చూసి ఇనుము ఎంతుందో చెప్పేవారు. ఆ తరవాత దూబే గారు యంత్రం మీద చూస్తే ఇంచుమించు అంతే వచ్చేది. "యంత్రం అమ్మేద్దాం, రావుని కూర్చోబెడదాం" అని దూబే గారు హిందీలో ఏడిపించేవారు.

బొమ్మల పిచ్చి ఆయనకి అనుకోకుండా అంటుకుంది. కొత్త క్రషరు బిగించడానికి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు, గెస్ట్‌హౌసులో సాయంత్రాలు బొటనవేలంత సైనికులకి రంగులు వేసుకునేవాడు. కొన్ని వేల ఏళ్ళ తరవాత నక్షత్రాల మధ్య జరిగే యుద్ధాల సైనికులట. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి ముక్కలు ముక్కలుగా అంటుకుని వస్తాయి. కత్తిరించి, అతికించి, రంగులు వేసి, బల్ల మీద గుట్టలు పేర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడాలి. ఆ ఇంజనీరు వెళ్ళిపోతూ ఒక పెట్టె సన్యాసిరావు గారికి వదిలి వెళ్ళాడు. తరవాతి పెట్టెలు హైమ ఫోనులో తెప్పించింది. మా ఊరికి ఆ పార్సెళ్ళు రావడానికి వారాలు పట్టేది.

గోళ్ళ కత్తెరతో ముక్కలు కోసేవారు. కారు షెడ్డువాళ్ళు వాడే నల్ల స్ప్రే మొదటి పూత. టిఫిన్ డబ్బా మూతలో తడిగుడ్డ, దానిమీద బటర్ పేపరు పరిచి దానిమీద రంగులు కలిపేవారు; అలా అయితే ఎంతసేపైనా ఎండవు. బొమ్మని మందుసీసా మూతకి అతికించి, మూత పట్టుకుని తిప్పేవారు తప్ప బొమ్మని వేలితో తాకేవారు కాదు. కళ్ళు ముందు వేసి మొహం తరవాత వేసేవారు. "కన్ను తప్పితే మొగంతో సర్దుకోవచ్చండి. మొగం వేసేక కన్ను తప్పితే మళ్ళీ మొదట్నుంచే" అనేవారు. ఇంకో మాట ఆయన నాకు చాలాసార్లు చెప్పారు: "రంగు పాలలాగ పలచగుండాలి. రెండు పూతలెయ్యాలి. మొదటి పూత ఎప్పుడూ అసయ్యంగానే ఉంటాది సూపర్నెంటు గారూ. అక్కడ మనసు పాడుచేసుకోకూడదు." నేను స్టోర్స్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను, చివరిదాకా ఆయనకి నేను సూపర్నెంటునే.

ఆయన సైనికులెవరూ కొత్తగా ఉండరు. కవచాల అంచులు అరిగి, మోకాళ్ళ దగ్గర బురద, తుపాకీ గొట్టాల మీద తుప్పు. అంత చక్కటి రంగు వేసి మళ్ళీ పాడుచేయడమెందుకని అడిగితే, "ఇనుము ఉన్నకాడ తుప్పు లేకపోతే నమ్మేదెవరండి? ఏ సుక్క మీదకెళ్ళినా ఇనుము ఇనుమే" అన్నారు. ఆ తుప్పుకి రంగు డబ్బాలు దొరుకుతాయి. ఆయన వాడింది మాత్రం మా ఊరి దుమ్ము.

ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఉదయం తుడిచిన కిటికీ గడప సాయంత్రానికి ఎర్రబడుతుంది. ఆరేసిన తెల్లచొక్కా వారం తిరక్కుండా తెలుపు మరిచిపోతుంది. మనం తిట్టుకుంటూ తుడిచి పారేసే ఆ పొడిని ఆయన పాత కుంచెతో కాగితం మీదికి తీసుకుని, జల్లెడ పట్టి, బొమ్మ మీద చల్లి, స్పిరిట్ చుక్కతో అంటించేవారు. ఏ ఇంటి దుమ్ము ఏ రంగో ఆయనకి తెలుసు. కన్వేయరు కింది క్వార్టర్లది నీలం చాయ. నలిపితే గాని ఎరుపు బయటపడదు. బజారుది గోధుమరంగు. కొత్త తుప్పు కావలిస్తే వానలు వెలిసిన వారం సేకరించాలి.

ఈ దుమ్మే ఆయన కొంప ముంచింది. ముంచిన చెయ్యి నాది.

పన్నెండేళ్ళ కిందట, ఖనిజం నాణ్యత వివరాలు బయటి కాంట్రాక్టర్లకి చేరుతున్నాయని గుసగుసలు పుట్టాయి. గేటు దగ్గర తనిఖీ పెట్టి, దొరికినవాటి మీద రహస్య రిపోర్టులు రాసే పని అదనంగా నాకు అప్పగించారు. నేను ఎవరినీ నమ్మని రోజులవి. టిఫిన్ క్యారియర్లో రెండో గిన్నె ఎందుకని కూడా అడిగేవాణ్ణి. ఒక సాయంత్రం గార్డు సన్యాసిరావు గారి సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. మెత్తటి ఖనిజప్పొడి. ఏమిటిదని అడిగాను. "మా కిటికీ దుమ్మండి. ఇంట్లో జల్లెడ ముతకది. ల్యాబు జల్లెడలో పట్టించుకున్నాను. ఆ జల్లెడ వాడ్డం తప్పయితే తప్పేనండి" అన్నారు. నేను రిపోర్టు రాశాను. "ఇంటి దుమ్ము అన్న వివరణ నమ్మదగినదిగా లేదు" అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినందుకు అప్పట్లో తృప్తిపడ్డాను కూడా.

పొడిని పరీక్షకి పంపలేదు. పరీక్షించేది ఆయన ల్యాబే కదా అని అదీ అనుమానించాను. పంపినా ఇనుమే తేలేది. ఈ ఊళ్ళో ఏ కిటికీ మీది దుమ్ము పరీక్షించినా ఇనుమే తేలుతుంది. అంత చిన్న సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. ఈ దుమ్ములోనే నిద్రలేచేవాణ్ణి, అయినా గేటు దగ్గరికి వచ్చేసరికి అది కంపెనీ సొత్తుగా కనిపించింది.

ఆయన్ని ల్యాబు నుంచి తీసి, లారీలు తూచే వేబ్రిడ్జికి వేశారు. ప్రమోషన్ ఆగిపోయింది. దొంగ అన్న మాట మాత్రం ఆగలేదు. గేటు దగ్గర తనిఖీకి ఆఫీసర్లం నలుగురం నిలబడేవాళ్ళం కాబట్టి, రిపోర్టు ఎవరు రాశారో ఎక్కడా బయటపడలేదు. వేబ్రిడ్జి దగ్గర ఖనిజం లారీల్లో వెళుతుంటే చూడడమే తప్ప తాకే పని లేదు. రిటైరయ్యేదాకా ఆయన అక్కడే ఉన్నారు.

ఆ తరవాత ఆయన ఎవరింటి కిటికీ దుమ్ము తీసుకున్నా, ఆ ఇంటివాళ్ళ చేత పొట్లం మీద సంతకం పెట్టించుకునేవారు. ల్యాబులో శాంపిలు పొట్లానికి ఇద్దరు సంతకం చేసినట్టే. దీంతో ఇంకో అనుమానం పుట్టింది. చిన్న చిన్న మనుషుల బొమ్మలు, గడప దగ్గర దుమ్ము, పొట్లం మీద ఇంటివాళ్ళ పేర్లు! సుక్‌మతి తన దుమ్ము ఇవ్వనంది. "బాబూ, మీరు బొమ్మలకి మా ఇంటి ధూళి పూసి ఏం చేస్తారో మాకు తెలీదా? మా ఊళ్ళో ఇలా చేసినవాళ్ళని చూశాం" అని వీధిలోనే నిలదీసింది. మా తెలుగువాళ్ళు కొందరు చిల్లంగి, అంటే చేతబడి, అన్నారు. ఆయన వాదించలేదు. సుక్‌మతిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చేతికి కుంచె ఇచ్చి, "ఈడి బూట్లు నువ్వే వెయ్యి" అన్నారు. ఆమె ఒక బూటు వేసి, అది బాగుందనిపించి రెండోది కూడా వేసింది. మర్నాడు దుమ్ము ఆమే తెచ్చి వేలిముద్ర వేసింది. "ఇప్పుడు నువ్వు కూడా చిల్లంగిదానివే" అన్నారట ఆయన.

నాతో స్నేహం రిటైరయ్యాక కుదిరింది. ఆడడానికి మనిషి కావాలని ఆయనే వచ్చి పిలిచారు. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచారు? ఆ ప్రశ్న ఆరేళ్ళు నన్ను వదల్లేదు. ప్రతి మాటలో రెండో అర్థం వెతికేవాణ్ణి. ఆట నాకు ఎప్పుడూ ఓటమే. పాచికల్లో ఏదో ఉందనిపించి, మూడు సాయంత్రాలపాటు ఎవరికి ఎంత పడిందో ప్రతిదీ రాశాను. పాచికల్లో ఏమీ లేదు. నా ఎత్తుల్లోనే పస లేదు. రాస్తుంటే ఆయన చూసి, "రాసుకోండి. మీరు రాస్తే నాకు ధైర్యం" అన్నారు. ఆ మాట మెచ్చుకోలో, దెప్పిపొడుపో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఒకసారి నాకో బొమ్మ ఇచ్చారు. కవచం వేసుకున్న బొజ్జ గుమాస్తా. చేతిలో తెరిచిన పుస్తకం, ముక్కు మీద కళ్ళజోడు, నడుముకి తాళాల గుత్తి. "ఇది నేనేనా?" అని అడిగాను.

"మీకంత పొట్టెక్కడుందండి" అన్నారు.

"పుస్తకంలో ఏదో రాసినట్టుంది."

"గీతలండి. అంత సన్నంగా అక్షరాలు ఎవడు రాయగలడు?"

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. గీతలే. అయినా దాన్ని మొహం గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.

అడిగేయవలసింది. నేనే రాశానని చెప్పేయవలసింది. బుధవారం ఆటకి వెళ్ళినప్పుడు చెబుదామని లెక్కలేనన్ని బుధవారాలు అనుకున్నాను. ఇప్పుడు నా ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషి లేరు. దుమ్ము చూసి ఇల్లు చెప్పగల కన్ను లేదు. అరిగిన కవచం మీద ఒక్క వెంట్రుకవాసి మెరుపు గీసి, ఆ సైనికుడు ఎన్ని యుద్ధాలు చూశాడో మనకి నమ్మకం కలిగించగల చెయ్యి లేదు. ఈ లోహపు ఊళ్ళో అందరం దుమ్ము దులుపుకుంటూ బతికాం. దాన్ని దాచుకుని అందం చేసినవారు ఆయనొక్కరే. ఆయన పనికి చేతులు జోడించి నమస్కరిస్తున్నాను.

ఆ ఆదివారం బీరువా మూశాక ఇంటికి వచ్చి, పన్నెండేళ్ళ కిందటి డైరీ తీశాను. నేను రాస్తానే తప్ప రాసింది మళ్ళీ చదవను. గేటు సంఘటన రోజు పేజీలో ఉదయం ఆరుంపావుకి రాసిన నాలుగు వాక్యాలున్నాయి: "షిఫ్ట్ బస్సులో సన్యాసిరావు చేతిలో కాగితం పొట్లం. ఏమిటని పక్కవాడు అడిగితే కిటికీ దుమ్ము, జల్లెడ పట్టాలి అన్నాడు. దుమ్ము లోపల పారబోసి అదే పొట్లంలో శాంపిలు పోసుకుని తేవడానికి ముందే సాకు సిద్ధం చేసుకుంటున్నాడేమో. సాయంత్రం గేటు దగ్గర చూడాలి."

అంటే పొట్లం లోపలికి రావడం నేను కళ్ళారా చూశాను. అది ఆయన నిర్దోషి అనడానికి సాక్ష్యం. దాన్నే నేను నేరానికి సాక్ష్యంగా లెక్కగట్టి, రిపోర్టులో ఆ ముక్కే రాయకుండా వదిలేశాను. ఆయనకి ఆ రోజు ఒక సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి నోరు విప్పలేదు.

సాయంత్రం ఐదింటికి డైరీ పట్టుకుని వెళ్ళి, తల్లీకూతుళ్ళ ముందు ఆ పేజీ చదివాను. రిపోర్టు నాదని చెప్పాను.

హైమ అడిగింది. "పొద్దున్న బస్సులో మీరు చూశారు?"

"చూశాను."

"రిపోర్టులో రాయలేదు?"

"రాయలేదమ్మా."

"మీరని నాన్నకి తెలుసా?"

"నాకు తెలియదు. ఎన్నడూ అడగలేకపోయాను."

నూకరత్నం గారు నన్ను కూర్చోమనలేదు. వెళ్ళమనీ అనలేదు. ఆమె అన్నారు: "ఆ పుస్తకం తెలుగోళ్ళే సదువుతారు. ఆయన్ని దొంగన్నది తెలుగులో కాదండి, హిందీలో. బస్టాండు కాడ టీ కొట్టులో అన్నారు. ముందు అక్కడ హిందీలో సెప్పండి. తరవాత మీ పుస్తకంలో రాసుకోండి."

సోమవారం ఉదయం ఏడింటికి బస్టాండు టీ కొట్టుకి వెళ్ళాను. సన్నగా వాన. రిటైరైన పాతవాళ్ళు ఎనిమిది మంది, షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. దూబే గారు బెంచీ చివర కూర్చున్నారు. పక్కనే జగదల్‌పూర్ బస్సు ఇంజను ఆడుతోంది. నేను నిలబడి, నాకొచ్చిన స్టోర్స్ హిందీలో, సన్యాసిరావు దొంగతనం చేయలేదనీ, ఆ పొట్లం ఆయన ఇంటినుంచి తేవడం నేను చూశాననీ, రిపోర్టు రాసింది నేనేననీ, అది తప్పు రిపోర్టనీ చెప్పాను. ముందు వరసవాళ్ళు గ్లాసులు దించి నా వైపు తిరిగారు. బస్సు చప్పుడులో వినపడక వెనకవాళ్ళు వాళ్ళ మాటల్లో వాళ్ళున్నారు.

దూబే గారు గ్లాసు బెంచీ మీద పెట్టి లేచారు. నా వైపు చూడలేదు. వానలోకి నడిచి, బస్సు తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి, డ్రైవరుతో ఇంజను ఆపమన్నారు. ఇంజను ఆగింది. తిరిగి వచ్చి, వెనకవాళ్ళని ఇటు తిరగమని, నాతో అన్నారు: "అబ్ బోలియే. షురూ సే."

మొదటినుంచి మళ్ళీ చెప్పాను.